రెండు బోర్డుల మధ్య తీగ లేకుండా రీడింగులు పంపడం: బల్ల మీద పనిచేసినది పై అంతస్తులో ఎందుకు ఆగిపోతోంది?

మొదటిమెట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మైక్రోకంట్రోలర్ బోర్డులతో పని మొదలుపెట్టి నాకు ఆరు నెలలే అయింది. నా ప్రశ్నలో మరీ ప్రాథమికమైన పొరపాటు ఏదైనా కనిపిస్తే మొహమాటం లేకుండా చెప్పవలసిందిగా కోరుతున్నాను. పై అంతస్తులో ఉన్న మొక్కల కుండీలో మట్టి తేమను, అక్కడి గాలి ఉష్ణోగ్రతను కొలిచి, ఆ రీడింగులను కింది గదిలో నా బల్ల మీదున్న రెండో బోర్డుకు తీగ లేకుండా పంపి, చిన్న తెర మీద చూపించాలన్నది నా ఉద్దేశం. నిమిషానికి ఒక్క రీడింగు చేరినా చాలు.

ఇందుకోసం రెండు ఆర్డుయినో ఊనో బోర్డులు, రెండు ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 ప్లస్ రేడియో మాడ్యూళ్లు తీసుకున్నాను. మాడ్యూళ్లు చిన్న రకం కాదు. పొడవాటి యాంటెన్నా బిగించుకునే, అదనపు యాంప్లిఫయర్ ఉన్న రకం. వాటికి విద్యుత్తును ఊనో మీది 3.3 వోల్టుల పిన్ను నుంచే ఇస్తున్నాను. ఆర్‌ఎఫ్24 లైబ్రరీతో వచ్చే ఉదాహరణ స్కెచ్‌ను (ప్రోగ్రామును) కొద్దిగా మార్చి, ప్రసార శక్తిని కనిష్ఠంగా ఉంచి, రెండు బోర్డులనూ బల్ల మీద పక్కపక్కన పెట్టి నడిపినప్పుడు పంపిన ప్రతి ప్యాకెట్టూ చేరింది. ఆ ధైర్యంతో శక్తిని గరిష్ఠానికి పెంచి, పంపే బోర్డును పైకి తీసుకువెళ్లాను. అక్కడి నుంచి ఒక్కటీ రాలేదు. అంతకంటే వింత ఏమిటంటే, మాడ్యూల్ వెనుక భాగాన్ని వేలితో తాకినప్పుడు ఒకటి రెండు ప్యాకెట్లు చేరాయి; వేలు తీయగానే మళ్లీ ఆగిపోయాయి. కిందికి తెచ్చి బల్ల మీదే పెట్టినా, గరిష్ఠ శక్తిలో సగానికి సగం పోతున్నాయి.

మాడ్యూల్ పాడైందా, లేక నేను ఎంచుకున్న రేడియోయే ఈ పనికి తగనిదా? వెతికిన కొద్దీ 433 మెగాహెర్ట్జ్ మాడ్యూళ్లనీ, బ్లూటూత్ అనీ, ఈఎస్‌పీ-నౌ అనీ, లోరా అనీ ఎవరికి తోచినది వారు సిఫారసు చేస్తున్నారే తప్ప, దేన్ని ఏ ప్రాతిపదికన ఎంచుకోవాలో చెప్పడం లేదు. మరొక సందేహం కూడా ఉంది: దారిలో పోయిన ప్యాకెట్టు పోయిందని స్వీకరించే బోర్డుకు ఎలా తెలుస్తుంది?

పాతటంకం

మీ మాడ్యూల్ పాడవలేదని దాదాపు నమ్మకంగా చెప్పగలను. శక్తి పెంచగానే ఆగిపోవడం, వేలు తాకగానే కదలడం అనే రెండు లక్షణాలూ కలిసి కనిపించాయంటే తప్పు రేడియోలో కాదు, దానికి అందుతున్న విద్యుత్తులో ఉంది.

ఊనో మీది 3.3 వోల్టుల పిన్ను నుంచి 50 మిల్లీఆంపియర్లకు మించి తీసుకోరాదు. యాంప్లిఫయర్ లేని చిన్న మాడ్యూల్ గరిష్ఠ శక్తితో ప్రసారం చేసేటప్పుడు కూడా 11 మిల్లీఆంపియర్ల చిల్లర మాత్రమే తీసుకుంటుంది, వినేటప్పుడు 13 చిల్లర తీసుకుంటుంది కాబట్టి దానికి ఆ పిన్ను హాయిగా సరిపోతుంది. మీ దగ్గరున్న పొడవాటి యాంటెన్నా రకం మాత్రం గరిష్ఠ శక్తిలో ప్రసారం మొదలుపెట్టిన క్షణాన 100 మిల్లీఆంపియర్లకు పైగా లాగుతుంది. ఆ ఒక్క క్షణం వోల్టేజి కుంగిపోతుంది, ప్యాకెట్టు సగంలో చెడిపోతుంది, స్వీకరించే చిప్ దాన్ని సీఆర్‌సీ (డేటా దారిలో మారిందో లేదో తేల్చే లెక్క) పరీక్షలో తోసిపుచ్చుతుంది. మీటరు పెట్టి చూస్తే 3.3 వోల్టులు నిలకడగానే కనిపిస్తాయి, ఎందుకంటే సెకనులో వెయ్యో వంతు పాటు జరిగే ఆ కుంగుబాటును మామూలు మీటరు పట్టుకోలేదు. చాలామంది ఇక్కడే మోసపోయి, మాడ్యూళ్లను పారేసి కొత్తవి తెచ్చుకుని, మళ్లీ ఇదే చోట ఆగిపోతారు. నేను కూడా నాలుగు మాడ్యూళ్లను పక్కన పడేసిన తరువాతే ఈ సంగతి తెలుసుకున్నాను.

మొదట చేయవలసింది: 10 నుంచి 100 మైక్రోఫారడ్ల మధ్య విలువ గల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌ను మాడ్యూల్ విద్యుత్ పిన్నుకూ గ్రౌండ్ పిన్నుకూ మధ్య, ధన రుణాలు సరిచూసుకుని, పిన్నుల మొదట్లోనే టంకం వేయండి. బ్రెడ్‌బోర్డు అవతలి చివర గుచ్చితే ప్రయోజనం సగం పోతుంది; మధ్యలో ఉన్న జంపర్ వైర్లే అసలు అడ్డంకి. మీ రకం మాడ్యూల్‌కు ఇది ఒక్కటే చాలదు కాబట్టి, ఊనో 5 వోల్టుల పిన్ను నుంచి విద్యుత్తు తీసుకుని 3.3 వోల్టులుగా మార్చే చిన్న రెగ్యులేటర్‌ను కూడా వాడండి. ఏఎంఎస్1117 మీద ఆధారపడిన బోర్డులు ఈ పనికే దొరుకుతాయి. రెగ్యులేటర్ గ్రౌండూ ఊనో గ్రౌండూ తప్పనిసరిగా కలవాలి. మాడ్యూల్ సంకేత పిన్నులు 5 వోల్టులను తట్టుకుంటాయి గానీ విద్యుత్ పిన్నుకు 3.6 వోల్టులు మించితే చిప్ కాలిపోతుంది. ఈ రెండింటినీ కలిపి గుర్తుపెట్టుకోబోయి తారుమారు చేసేవారిని చూశాను.

ఇక బల్ల మీద పరీక్షించేటప్పుడు శక్తిని కనిష్ఠంలోనే ఉంచండి. యాంప్లిఫయర్లున్న రెండు మాడ్యూళ్లు జానెడు దూరంలో గరిష్ఠ శక్తితో మాట్లాడుకుంటే, చెవిలో నోరు పెట్టి అరిచినట్టు రిసీవరు ఉక్కిరిబిక్కిరై ఏదీ సరిగా వినలేదు. బల్ల మీద మీకు పోయిన సగంలో దీని వాటా కూడా ఉండవచ్చు.

తరంగలేఖ

విద్యుత్తు సంగతి పాతటంకం గారు చెప్పేశారు కనుక నేను ఎంపిక సంగతికి వస్తాను. దూరం, డేటా పరిమాణం, బ్యాటరీ అనే మూడింటితో పాటు నాలుగో ప్రశ్న ఒకటి వేసుకోవాలి. ప్యాకెట్టు పోతే దాన్ని గమనించి మళ్లీ పంపే బాధ్యత రేడియో చిప్‌దా, మన స్కెచ్‌దా? కొత్తవారికి ఈ నాలుగోదే అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం.

433 మెగాహెర్ట్జ్ జంటల విషయానికే వస్తే, వాటిలో ట్రాన్స్‌మిటర్ చేసేదల్లా తరంగాన్ని వెలిగించడం, ఆర్పడం. చిరునామా లేదు, అందినట్టు జవాబు లేదు, రెండో దిశ అసలే లేదు. సంకేతం లేనప్పుడు రిసీవరు తన గ్రాహక శక్తిని తానే పెంచుకుంటూ పోయి, గాలిలోని రొదను ఒకట్లు, సున్నాలుగా కుమ్మరిస్తుంది. దీన్ని చూసి రిసీవరు పాడైందనుకోకండి, దాని స్వభావమే అంత. రేడియోహెడ్ లైబ్రరీలో ఇలా వెలిగించి ఆర్పే పద్ధతికి ఉన్న ఏఎస్‌కే భాగం వాడితే ముందస్తు గుర్తు, సీఆర్‌సీ వంటివి అదే జతచేస్తుంది. సాధారణంగా సెకనుకు 2000 బిట్ల వేగంతో నడుస్తుంది. ఊనోలో ఆ లైబ్రరీ టైమర్ 1ను తీసుకుంటుంది కాబట్టి సర్వో మోటార్ల లైబ్రరీతో గొడవపడుతుంది. యాంటెన్నాగా 17.3 సెంటీమీటర్ల తీగ ముక్కను నిటారుగా టంకం వేస్తే అందే దూరం గణనీయంగా పెరుగుతుంది. ఆ పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు. తలుపు తెరిచారో లేదో చెప్పడానికి ఇది చాలు. పోయిన ప్యాకెట్టు లెక్క కావాలన్న మీకు సరిపోదు.

హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్‌ను కనిపించని సీరియల్ కేబుల్‌గా భావించవచ్చు. జత కుదిరిన తరువాత చాలా సుఖం, జత కుదిర్చే వరకు విసుగు. అమరికలు మార్చుకునే ఏటీ ఆదేశాల స్థితిలో 38400 వేగం, మామూలు స్థితిలో 9600 వేగం అన్న తేడా తెలియక కొందరు రోజంతా పోగొట్టుకుంటారు. హెచ్‌సీ-06 తనంతట తాను ఎవరినీ పిలవలేదు కనుక రెండు హెచ్‌సీ-06లు ఎన్నటికీ కలవవు. వీటి ఆర్‌ఎక్స్ (డేటా అందుకునే) పిన్ను 3.3 వోల్టులకు రూపొందినది. ఊనో నుంచి వచ్చే 5 వోల్టులను 1 కిలోఓమ్, 2 కిలోఓమ్‌ల నిరోధకాలతో విభజించి ఇవ్వాలి. బోర్డు నుంచి ఫోనుకు డేటా పంపాలనుకునేవారికి నేను దీన్ని సూచిస్తాను గానీ, బోర్డు నుంచి బోర్డుకు పంపాలనుకునేవారికి కాదు.

లోరా గురించి ఉత్సాహం ఎక్కువగా వినిపిస్తుంది. కిలోమీటర్ల దూరం నిజమే, కానీ ఆ దూరాన్ని వేగంతో కొనుక్కుంటాము. 125 కిలోహెర్ట్జ్ వెడల్పులో స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (సంకేతాన్ని ఎంతగా సాగదీయాలో చెప్పే అంకె) 7 దగ్గర సెకనుకు సుమారు 5,500 బిట్లు వెళ్తే, 12 దగ్గర 300 కన్నా తక్కువే వెళ్తాయి. మెట్టు ఎక్కిన ప్రతిసారీ ప్యాకెట్టు గాలిలో ఉండే కాలం దాదాపు రెట్టింపు అవుతుంది. పైగా ఏ ఫ్రీక్వెన్సీలో ప్రసారం చేయవచ్చో దేశాన్ని బట్టి మారుతుంది. యూరప్‌లో 868 మెగాహెర్ట్జ్ ప్రాంతం, ఉత్తర అమెరికాలో 915 మెగాహెర్ట్జ్ ప్రాంతం వాడుతున్నారు కాబట్టి మాడ్యూల్ కొనే ముందే మీరున్న చోటి నిబంధన చూసుకోవాలి. యాంటెన్నా బిగించకుండా ప్రసారం చేయిస్తే చిప్ దెబ్బతినే ప్రమాదం ఉంది. ఒక అంతస్తు దూరానికి ఇంత అవసరం లేదు.

మీ దగ్గరున్న చిప్ అందినట్టు జవాబును తనంతట తానే అడుగుతుంది, రాకపోతే 15 సార్ల వరకు తానే మళ్లీ పంపుతుంది, చివరికి ఫలితం ఏమిటో మీ స్కెచ్‌కు చెబుతుంది. రైట్ అనే ఫంక్షన్ తిరిగి ఇచ్చే నిజం లేదా అబద్ధం అన్న విలువ అదే. ఉదాహరణ స్కెచ్‌లను నకలు చేసేవారిలో చాలామంది ఆ విలువను చూడనైనా చూడరు. కాబట్టి మాడ్యూల్ మార్చకండి. డేటా వేగాన్ని సెకనుకు 250 కిలోబిట్లకు తగ్గించండి, ఛానల్‌ను 100కు పైన పెట్టుకుని వైఫై గోల నుంచి తప్పించుకోండి. వేగం తగ్గించడం వల్ల వచ్చే లాభం చిన్నది కాదు. సెకనుకు 2 మెగాబిట్ల దగ్గర ఈ చిప్ మైనస్ 82 డీబీఎం (సంకేత బలానికి కొలమానం) సంకేతం వరకే వినగలదు, 250 కిలోబిట్ల దగ్గర మైనస్ 94 వరకు వింటుంది. ఆ 12 డెసిబెల్ల తేడా ఆరుబయట నాలుగు రెట్ల దూరానికి సమానం. గోడలూ కప్పులూ ఉన్నచోట అంత రాదు గానీ, ఎంతో కొంత వస్తుంది. పేరు చివర ప్లస్ లేని పాత చిప్‌లో 250 కిలోబిట్ల వేగం లేదన్నది కూడా గమనించండి.

సూటిమాట

రెండు బోర్డులనూ ఈఎస్‌పీ32కు మార్చేస్తే ఈ కెపాసిటర్ల గొడవే ఉండదు కదా. రేడియో బోర్డులోనే ఉంటుంది, ఆ బోర్డులు నేరుగా మాట్లాడుకునే ఈఎస్‌పీ-నౌ వాడితే రౌటర్ కూడా అక్కర్లేదు, ఎదుటి బోర్డు మ్యాక్ చిరునామా (దాని రేడియోకు ఉండే ప్రత్యేక సంఖ్య) తెలిస్తే చాలు. దాని మొదటి వెర్షన్‌లోనే ఒక ప్యాకెట్టులో 250 బైట్ల వరకు పంపవచ్చు. ఎన్‌ఆర్‌ఎఫ్24లో 32 బైట్లే.

తరంగలేఖ

సూటిమాట గారి మాటను కాదనను. ఈ రోజు కొత్తగా బోర్డులు తీసుకుంటున్నవారు అడిగితే నేనూ అదే చెబుతాను. అయితే అక్కడా రెండు చోట్ల జాగ్రత్త కావాలి. స్వీకరించే ఈఎస్‌పీ32ను ఇంటి వైఫైకి కూడా కలిపితే అది రౌటర్ ఉన్న ఛానల్‌కు మారిపోతుంది, పంపే బోర్డు మాత్రం పాత ఛానల్‌లోనే ఉండిపోతుంది, ప్యాకెట్లు హఠాత్తుగా ఆగిపోతాయి. ఇక ఎఫ్‌ఎఫ్ అంకెలతో నిండిన, అందరికీ ఒకేసారి పంపే ప్రసార చిరునామాకు పంపితే అందినట్టు జవాబు ఉండదు, అయినా పంపడం సఫలమైందన్న సూచనే వస్తుంది. దాన్ని చేరినట్టుగా అర్థం చేసుకోకూడదు. ప్రశ్న అడిగినవారి దగ్గర రెండు ఊనోలు ఉన్నాయి, వారి లోపం విద్యుత్తులో ఉంది. లోపం తెలియకుండానే బోర్డు మార్చి బయటపడితే, రేపు ఈఎస్‌పీ32ను నాసిరకం కేబుల్‌తో నడిపి, వైఫై ప్రసారం మొదలైనప్పుడల్లా అది రీసెట్ అవుతుంటే, అప్పుడూ కారణం తెలియదు.

మొదటిమెట్టు

అందరికీ కృతజ్ఞతలు. పాతటంకం గారు చెప్పినట్టు రెగ్యులేటర్ పెట్టి, 47 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను మాడ్యూల్ పిన్నుల దగ్గరే టంకం వేశాను. వేగాన్ని 250 కిలోబిట్లకు తగ్గించాను. పై అంతస్తు నుంచి వంద ప్యాకెట్లు పంపితే తొంభై ఏడు వచ్చాయి. వేలు పెట్టవలసిన అవసరం తీరిపోయింది.

ఆ సంతోషంలో, సూటిమాట గారి మాట కూడా చెవిలో ఉండటంతో, నా దగ్గర విడిగా ఉన్న ఒక ఈఎస్‌పీ32 బోర్డును స్వీకరించే వైపు పెట్టి, అదే ఎన్‌ఆర్‌ఎఫ్24 మాడ్యూల్‌ను దానికి కలిపాను. రీడింగులను తరువాత ఇంటి నెట్‌వర్క్‌లో చూడవచ్చన్నది ఆశ. ప్యాకెట్లు వస్తున్నాయి గానీ అంకెలు పిచ్చిగా ఉన్నాయి. నేను పంపుతున్న స్ట్రక్ట్‌లో (కలిపి కట్టిన విలువల మూటలో) వరుసగా కుండీ సంఖ్య ఒక బైట్, ఉష్ణోగ్రత ఇంట్, తేమ ఇంట్, ప్యాకెట్టు వరుస సంఖ్య అన్‌సైన్డ్ లాంగ్ ఉన్నాయి. ఉష్ణోగ్రతను పదితో గుణించి పంపుతున్నాను. ఊనో సీరియల్ మానిటర్‌లో ఉష్ణోగ్రత 284, తేమ 612 అని కనిపిస్తుంటే, ఈఎస్‌పీ32 వైపు కుండీ సంఖ్య సరిగానే వస్తోంది, ఉష్ణోగ్రత మాత్రం 258, తరువాత 514, తరువాత 770 అని వస్తోంది. తేమ సున్నా, వరుస సంఖ్య సున్నా. రెండు స్కెచ్‌లలోనూ స్ట్రక్ట్ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. గాలిలో డేటా చెడిపోతోందా?

బైటులెక్క

గాలిలో ఏమీ చెడిపోలేదు. చెడితే సీఆర్‌సీ దాన్ని మీ దాకా రానివ్వదు. మీరు రాసిన అంకెల్లోనే జవాబు ఉంది. 258, 514, 770ల మధ్య తేడా ప్రతిసారీ సరిగ్గా 256. రొదకు ఇంత క్రమశిక్షణ ఉండదు.

స్ట్రక్ట్ అక్షరాల్లో ఒకటే అయినా, రెండు బోర్డులూ దాన్ని ఒకేలా చదవవు. ఊనోలో ఇంట్ అంటే 2 బైట్లు, ఈఎస్‌పీ32లో 4 బైట్లు. పైగా ఊనోది 8 బిట్ల ప్రాసెసర్ కనుక అంశాలను ఖాళీ లేకుండా పక్కపక్కనే పేరుస్తుంది; ఈఎస్‌పీ32 మాత్రం 4 బైట్ల అంశం 4తో భాగించబడే స్థానంలోనే మొదలవ్వాలని మధ్యలో ఖాళీ బైట్లు వదులుతుంది. కాబట్టి ఊనో దృష్టిలో మీ స్ట్రక్ట్ పరిమాణం 9 బైట్లు: సున్నా స్థానంలో కుండీ సంఖ్య, 1, 2 స్థానాల్లో ఉష్ణోగ్రత, 3, 4 స్థానాల్లో తేమ, 5 నుంచి 8 వరకు వరుస సంఖ్య. ఈఎస్‌పీ32 దృష్టిలో అది 16 బైట్లు, అందులో ఉష్ణోగ్రత 4వ స్థానంలో మొదలై 7 వరకు ఉంటుంది.

ఇప్పుడు ఈఎస్‌పీ32 ఆ 4 నుంచి 7 వరకు ఏమి చదువుతోందో చూడండి. 4వ స్థానంలో ఉన్నది తేమ విలువ పై బైటు. 612 అంటే 2 సార్లు 256, దానిపైన 100. కాబట్టి ఆ బైటు 2. తరువాతి మూడు స్థానాల్లో ఉన్నవి వరుస సంఖ్య తాలూకు మొదటి మూడు బైట్లు. రెండు బోర్డులూ చిన్న బైటును ముందు ఉంచే పద్ధతినే పాటిస్తాయి కనుక, ఈఎస్‌పీ32కు కనిపించే విలువ వరుస సంఖ్యను 256తో గుణించి 2 కలిపినంత. మొదటి ప్యాకెట్టుకు 258, రెండోదానికి 514, మూడోదానికి 770. మీకు ఉష్ణోగ్రతగా కనిపిస్తున్నది నిజానికి ప్యాకెట్ల లెక్క! మిగిలిన స్థానాల్లో లైబ్రరీ నింపిన సున్నాలు ఉన్నాయి కాబట్టి తేమ, వరుస సంఖ్య రెండూ సున్నాలే వచ్చాయి. కుండీ సంఖ్య మొదటి బైటులో ఉండటం వల్ల బతికిపోయింది.

సవరణ సులువు. ఇంట్, లాంగ్ వంటి పేర్లకు బదులు పరిమాణం పేరులోనే ఉన్న రకాలు వాడండి: ఉష్ణోగ్రతకు ఇంట్16_టీ, తేమకు యూఇంట్16_టీ, వరుస సంఖ్యకు యూఇంట్32_టీ. ఖాళీలు వదలవద్దని చెప్పే ప్యాక్డ్ అన్న గుణాన్ని స్ట్రక్ట్‌కు జతచేయండి. ఆ తరువాత రెండు బోర్డులలోనూ స్ట్రక్ట్ పరిమాణాన్ని చెప్పే సైజ్ఆఫ్ ఫలితాన్ని సీరియల్ మానిటర్‌లో ముద్రించి, రెండు చోట్లా 9 వస్తోందో లేదో చూడండి. డబుల్ రకంతోనూ ఇదే ప్రమాదం ఉంది. ఊనోలో అది 4 బైట్లు, ఈఎస్‌పీ32లో 8. మీరు ఉష్ణోగ్రతను పదితో గుణించి పూర్ణాంకంగా పంపడం మంచి అలవాటు, దాన్ని మార్చకండి. ఈ తలనొప్పి వద్దనుకుంటే కామాలతో విడదీసిన అక్షరాలుగా పంపడమూ తప్పు కాదు. బైట్లు కొన్ని ఎక్కువవుతాయి, కానీ కంటితో చదవవచ్చు. 32 బైట్ల లోపు ఇమిడినంత వరకు నేర్చుకునే దశలో నేను దాన్ని తక్కువగా చూడను.

తరంగలేఖ గారి సలహాలో ఒక్క సవరణ చెప్పాలి. ఈ చిప్ ఛానల్ సంఖ్యకు 2400 కలిపితే మెగాహెర్ట్జ్‌లో ఫ్రీక్వెన్సీ వస్తుంది. ఛానల్ 100 అంటే 2500 మెగాహెర్ట్జ్. లైసెన్సు లేకుండా వాడుకోవడానికి విడిచిపెట్టిన ఐఎస్ఎం పట్టీ 2483.5 దగ్గరే ముగుస్తుంది. చిప్ 2525 వరకు వెళ్లగలదన్నంత మాత్రాన మనం వెళ్లవచ్చని కాదు. అక్కడ ప్రశాంతంగా ఉండటానికి కారణం, అది వేరొకరికి కేటాయించిన చోటు కావడమే. లైబ్రరీ తనంతట తాను పెట్టే 76, అంటే 2476, చాలా ఇళ్లలో సరిపోతుంది. వైఫై 11వ ఛానల్ దాదాపు 2473 దగ్గర ముగుస్తుంది. పొరుగున ఎవరైనా 13వ ఛానల్ వాడుతుంటే మాత్రం అది 76 మీదికీ వస్తుంది. లైబ్రరీతో పాటు వచ్చే స్కానర్ ఉదాహరణను పై అంతస్తులో ఒకసారి, కింద ఒకసారి నడిపి, ఖాళీగా ఉన్న ఛానల్‌ను 80 లోపు ఎంచుకోండి.

తరంగలేఖ

ఛానల్ విషయంలో బైటులెక్క గారిదే సరైన మాట. ఏళ్లుగా నోటికి వచ్చిన సలహాను లెక్క చూసుకోకుండా చెప్పేశాను.

మొదటిమెట్టు గారు అడిగిన చివరి ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. పోయిన ప్యాకెట్టును పంపినవాడు ఒక విధంగా గుర్తిస్తాడు, స్వీకరించేవాడు మరొక విధంగా గుర్తించాలి. రైట్ ఫంక్షన్ అబద్ధం అన్నంత మాత్రాన ప్యాకెట్టు చేరలేదని ఖాయంగా చెప్పలేము. ప్యాకెట్టు చేరి, అందినట్టు వచ్చే జవాబు దారిలో పోయి ఉండవచ్చు. చిప్ తనంతట తాను చేసే పునఃప్రయత్నాల్లో వచ్చే నకళ్లను అవతలి చిప్ గుర్తించి వదిలేస్తుంది, కానీ మీ స్కెచ్ మళ్లీ పంపితే దాన్ని కొత్త ప్యాకెట్టుగానే తీసుకుంటుంది. అందుకే మీరు పెట్టుకున్న వరుస సంఖ్య అవసరం. సంఖ్య ఒకటి పెరిగితే అంతా సవ్యం, రెండు పెరిగితే మధ్యలో ఒకటి పోయింది, అసలు పెరగకపోతే నకలు వచ్చింది. స్కెచ్ మళ్లీ పంపేటప్పుడు సంఖ్యను పెంచకూడదని వేరే చెప్పనవసరం లేదు.

నిమిషానికి ఒక రీడింగు విషయంలో ఒకటి పోతే నష్టం లేదు, మళ్లీ పంపకుండా తరువాతి నిమిషం దాకా ఆగినా సరిపోతుంది. అసలు ప్రమాదం మరొకటి ఉంది. పంపే బోర్డు బ్యాటరీ అయిపోయి ఆగిపోతే, తెర మీద చివరిగా వచ్చిన 28.4 డిగ్రీలు అలాగే కూర్చుంటుంది, మీరు దాన్ని ఈ క్షణపు ఉష్ణోగ్రత అనుకుంటూనే ఉంటారు. చివరి ప్యాకెట్టు వచ్చిన వేళను మిల్లిస్‌తో (బోర్డు మొదలయ్యాక గడిచిన మిల్లీసెకన్లు చెప్పే ఫంక్షన్) నమోదు చేసుకుని, మూడు నిమిషాలు దాటితే ఆ అంకెను తెర మీద నుంచి తీసేయించండి.

స్వీకరించే స్కెచ్‌లో డిలే (కాసేపు ఏమీ చేయకుండా ఆగమనే ఆదేశం) వాడకండి. చిప్‌లో మూడు ప్యాకెట్లు పట్టేంత చోటే ఉంది. మీ బోర్డు తెర మీద ఏదో చూపిస్తూ డిలేలో నిద్రపోతుండగా నాలుగోది వస్తే, చిప్ దాన్ని తీసుకోదు, అందినట్టు జవాబూ ఇవ్వదు. ఇప్పటి వేగంలో మీకు ఇది తెలియకపోవచ్చు, రేపు మరో రెండు కుండీలు చేరినప్పుడు తెలుస్తుంది. అలా చేరినప్పుడు, చిప్‌లోని ఆరు పైపులలో (వేర్వేరు చిరునామాల మీద వినే దారులలో) 2 నుంచి 5 వరకు ఉన్నవి ఒకటో పైపు చిరునామాలోని పై నాలుగు బైట్లనే వాడుకుంటాయని, చివరి బైటు ఒక్కటే వేరుగా పెట్టుకోవచ్చని గుర్తుంచుకోండి. ఆ చిరునామా రహస్యపదం కాదు. ఈ చిప్‌లో డేటాను సంకేతీకరించే ఏర్పాటు ఏదీ లేదు, కాబట్టి కుండీల తేమకు పరవాలేదు గానీ తలుపు తాళాలకు దీన్ని ఇలాగే వాడకండి.

మొదటిమెట్టు

రకాల పేర్లు మార్చి ప్యాక్డ్ గుణం జతచేయగానే రెండు వైపులా సైజ్ఆఫ్ 9 వచ్చింది. ఉష్ణోగ్రత, తేమ సరిగా కనిపిస్తున్నాయి. స్కానర్ నడిపితే కింది గదిలో 76 రద్దీగా ఉంది, 80 దగ్గర ప్రశాంతంగా ఉంది; అక్కడికి మార్చాను. మూడు నిమిషాల గడువు కూడా పెట్టాను. పైన ఉన్న బోర్డు విద్యుత్తు తీసేసి చూస్తే, గడువు దాటాక తెర మీద అంకె స్థానంలో గీతలు వచ్చాయి.

కానీ విద్యుత్తు మళ్లీ ఇచ్చాక వింత జరిగింది. పంపే బోర్డు వరుస సంఖ్యను మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. కొత్త సంఖ్యలోంచి పాతదాన్ని తీసివేసి లెక్క కట్టే నా స్కెచ్, పోయిన ప్యాకెట్లు నాలుగు వందల కోట్లకు పైగా ఉన్నాయని చూపిస్తోంది.

బైటులెక్క

ధన రుణ గుర్తు లేని (అన్‌సైన్డ్) 32 బిట్ల సంఖ్యలో చిన్నదానిలోంచి పెద్దదాన్ని తీసివేస్తే అది చుట్టూ తిరిగి 429 కోట్ల దగ్గరకు వెళ్తుంది. తీసివేతకు ముందే పోల్చండి: కొత్త సంఖ్య పాతదానికన్నా చిన్నదైతే పంపే బోర్డు మళ్లీ మొదలైందని భావించి, పోయినవాటి లెక్క జోలికి పోకుండా, కొత్త సంఖ్యనే ఆధారంగా తీసుకోండి. ఇంకా ఖచ్చితంగా కావాలంటే, స్ట్రక్ట్‌లో మరొక బైటు చేర్చి, బోర్డు మొదలైన ప్రతిసారీ విద్యుత్తు పోయినా చెరగని ఈఈప్రామ్ మెమరీలో ఒక అంకెను పెంచి అందులో పంపండి. అప్పుడు సైజ్ఆఫ్ రెండు వైపులా 10 రావాలి.